బిడ్డను నిమ్మలంగా పంపాలని

మా బిడ్డకు చెన్నైలో ఎమ్మెస్సీ సీటు వచ్చిన రోజు నుంచి రైలెక్కిన రోజు దాకా మా ఇంట్లో సామాన్ల మాట తప్ప వేరే మాట లేదు. బకెట్ ఇక్కడి నుంచి మోసుకెళ్లాలా, అక్కడ కొనుక్కోవాలా? హాస్టల్ వాళ్లు పరుపు ఇస్తారా, ఉత్త మంచమే ఇస్తారా? సర్టిఫికెట్ల అసలు కాగితాలు పెట్టెలో పెడితే, రైల్లో ఆ పెట్టె పోతే ఏం గతి? పై బెర్తు దొరికితే సంచి తల కింద పెట్టుకుని పడుకోవచ్చు, కింది బెర్తయితే పట్టపగలు అందరూ వచ్చి కూర్చుంటారు. తనకు తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చు. మూడూ అక్కడ పనికిరావని కాలేజీలో ఎవరో అన్నారట. ఆటోవాడికి ఏమని చెప్పాలి, కడుపునొప్పి వస్తే మందుల షాపులో ఏమని అడగాలి అని ఫోన్‌లో చూసి తమిళ మాటలు కాగితం మీద రాసుకునేది.

నాకు అదంతా చూస్తుంటే కొంచెం నవ్వొచ్చేది. నేను పెళ్లయి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చినప్పుడు నా వెంట ఒక రేకు పెట్టె, రొట్టెల మూట తప్ప ఏమీ లేవు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాలని కూడా తెలియదు. తనకు తెలుసు కాబట్టే దిగులు పడుతోందని అప్పుడు నాకు తట్టలేదు.

మేముండేది సూరత్‌లోని లింబాయత్‌లో, ఇరుకు గల్లీలో మేడ మీద రెండు గదులు. నా భర్త ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. కరెంటు మగ్గాలను మా వైపు సాంచాలంటాం. అవి ఉండే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆయన పనిచేసే ఖాతా మా ఇంటి వెనక గల్లీలోనే ఉంది. ఇంకా రెండు ఖాతాలు మాకు ఎడమ పక్కన ఉన్నాయి. పొద్దూ రాత్రీ ఆ మోత ఆగదు. కొత్తగా వచ్చినవాళ్లు రెండు రోజులు నిద్రపోలేరు. మాకైతే దీపావళి సెలవుల్లో ఖాతాలు మూసినప్పుడే నిద్ర పట్టదు.

పన్నెండు గంటల షిఫ్టు, మా మాటలో పాళీ, ఆ మోతలో నిలబడితే చెవులు ఎన్నాళ్లుంటాయి? ఆయనకు ముందు కుడి చెవి పోయింది, తర్వాత ఎడమది. బిడ్డ హైస్కూల్లో ఉండగానే రెండూ దాదాపు పోయాయి. అయినా ఇంట్లో మాకు పెద్ద లోటు తెలియలేదు. ఖాతాలో ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. నోరు పెద్దగా తెరిచి, మాటను పెదవుల మీద పెట్టి చూపించాలి. శబ్దం కూడా అక్కర్లేదు. సాంచాలు నడిపే కారిగర్లందరూ అలాగే మాట్లాడుకుంటారు. మేం ఇంట్లోనూ అదే అలవాటు చేసుకున్నాం. బిడ్డ అయితే వాళ్ల బాపుతో గదికి ఈ మూల నుంచి ఆ మూలకు చప్పుడు లేకుండా అరగంట ముచ్చట పెట్టేది. ఇద్దరూ నన్నే ఆటపట్టిస్తున్నారని వాళ్ల నవ్వును బట్టి తెలిసేది.

ఖాతాలో ఇంకో అలవాటు ఉంది. సేఠ్ వచ్చి ఏదైనా చెప్తే, అర్థమైనా కాకపోయినా ముందు తల ఊపాలి. కాలేదంటే కోపం చేస్తాడు. ఆయన వెళ్లాక పక్క సాంచా మనిషిని అడిగి తెలుసుకోవాలి. ముందు ఊపడం, తర్వాత అడగడం. మా ఆయనకు అది ఒంటికి పట్టిపోయింది. పెళ్లిళ్లలో, ఆసుపత్రిలో, బ్యాంకులో అందరి ముందూ ఊపేవాడు, తర్వాత నా వైపు తిరిగేవాడు. ఆయన ఊపితే అర్థమైందనుకోకూడదని నాకు తెలుసు, బిడ్డకు తెలుసు.

నేను ఇంట్లో చీరల పని చేస్తాను. దారాలు కత్తిరించడం, లేసులు కుట్టడం. మూట తెచ్చుకుని, పని అయ్యాక మళ్లీ మూట కట్టి ఇచ్చి రావాలి. నలభై దాటాక బిడ్డే నాకు అక్షరాలు నేర్పింది. తను ఏడో తరగతి దాకా ఇక్కడి తెలుగు బడిలో చదివింది. ఆ పాత పుస్తకాలు అటక మీద ఉంటే దించి, నేను లేసు కుడుతుంటే పక్కన కూర్చుని చెప్పేది. సీటు వచ్చాక మాత్రం నన్ను కూర్చోబెట్టి గట్టిగా చదివించడం మొదలుపెట్టింది. ఎందుకింత తొందర అంటే చెప్పింది కాదు.

ఒక రోజు తను టీసీ కోసం కాలేజీకి వెళ్లింది. గూట్లో తన నోటుబుక్కు తెరిచి ఉంది. కావలసిన వస్తువులన్నీ వరసగా రాసుకుంది, ఎక్కువ ఇంగ్లీషులో. కొన్నింటి మీద గీత కొట్టి ఉంది. అన్నిటికన్నా కింద ఒక్క ముక్క తెలుగులో ఉంది. కూడబలుక్కుని చదివాను. "బాపుతోని ఎట్ల?" అని ఉంది. దాని పక్కన ఏమీ రాయలేదు.

అప్పుడు అర్థమైంది. ఫోన్ ఆయన చెవికి పనికిరాదు. ఆయనకు చదువు రాదు. వీడియోలో చూద్దామంటే మా గల్లీలో బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, పెదవులు అందవు. ఒకసారి తన స్నేహితురాలి ఇంటి నుంచి వీడియో చేసి చూసింది. ఆయన కళ్లు చిట్లించి చూసి చూసి, చివరికి తల ఊపాడు. తను వెంటనే పెట్టేసింది. ఇంటికి వచ్చాక దాని మాట ఎత్తలేదు.

వెళ్లే ముందు రోజుల్లో తనకు ఇంకో దిగులు పట్టుకుంది. ఖాతాల పక్కన పుట్టి పెరిగింది కదా, తన గొంతు పెద్దది, నోరూ పెద్దగా తెరుస్తుంది. కాలేజీలో ఎందుకంత అరుస్తావని అనేవారట. హాస్టల్ గదిలో ముగ్గురుంటారు, నవ్వుతారేమో అని మెల్లగా మాట్లాడటం సాధన చేసింది. పెదవులు సరిగా కదపకుండా, నోట్లోనే మాట్లాడుకున్నట్టు ఉండేది. వాళ్ల బాపుకు ఒక్క మాట అందలేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు నన్ను అడిగాడు.

"బిడ్డకు పన్ను నొస్తుందా ఏంది? నోరు తెరుస్తలేదు."

నేను చెప్తే బిడ్డ నవ్వింది. నవ్వి, స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ వారమే చెవి మిషిన్ కొందామని పట్టుబట్టింది. గల్లీ పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బు ఉంది. దాంతో ల్యాప్‌టాప్ కొనుక్కోవాలి. ల్యాప్‌టాప్ వరాఛాలో ఒక స్నేహితురాలి అన్న వాడిన పాతది దొరుకుతుందని, మిగిలినదానితో మిషిన్ వస్తుందని లెక్క చెప్పింది. ఆయన వద్దంటే వద్దన్నాడు. తను వినలేదు. ముగ్గురం ఆటోలో రింగ్ రోడ్డు దుకాణానికి వెళ్లాం.

ఆ దుకాణం అద్దాల గది, ఏసీ, లోపల గాలి చప్పుడు కూడా లేదు. మిషిన్ పెట్టి, దుకాణం మనిషి ఏవో మీటలు తిప్పాడు. బిడ్డ ఆయన వెనక నిలబడి మామూలు గొంతుతో "బాపూ" అంది. ఆయన గిరుక్కున తిరిగాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత బిడ్డ గొంతు విన్నాడు. "నీ గొంతు మీ నాయనమ్మ గొంతేనే" అన్నాడు. అదొక్కటి అబద్ధం కాదు. ఆ దుకాణంలో ఆయనకు నిజంగానే వినబడింది.

ఇంటికి రాగానే వినబడలేదు. వినబడలేదంటే, అన్నీ వినబడ్డాయి. మూడు ఖాతాల మోత ఒక్కసారి తలలోకి దిగింది. అన్నం తింటూ తింటూ ఆయన నుదురు పట్టుకున్నాడు. బిడ్డ ఏదో అడిగితే తల ఊపాడు. తను కిందికి పాలకు వెళ్లినప్పుడు మిషిన్ తీసి చేతిలో పట్టుకుని నాతో చెప్పాడు.

"నెత్తిల సాంచాలు తిరుగుతున్నయ్. మాట ఒక్కటి ఇనవడ్తలేదు."

వెనక్కి ఇచ్చేద్దాం, బిడ్డకు చెప్దాం అన్నాను.

"చెప్పకు. చెప్తే అది పోదు. నాకోసం ఆగుతది. నిమ్మలంగ పోనీ."

నేను సరే అన్నాను. ఆగుతుందనే నాకూ భయం. మా వాడలో ఆడపిల్లల్లో అంతదూరం చదువుకు వెళ్లినవాళ్లు లేరు. ఒకసారి ఆగితే ఇంక కదలదని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, తన గురించి మేం అంతకన్నా ఏమీ అడిగి తెలుసుకోలేదు. మేమిద్దరమే అనేసుకున్నాం.

మర్నాడు బిడ్డ పరీక్ష పెట్టింది. తాను కింద రోడ్డు మీదికి వెళ్లి ఫోన్ చేస్తుంది, బాపు మిషిన్ పెట్టుకుని మాట్లాడాలి. ఆయన మిషిన్ చెవికి పెట్టుకున్నాడు, మీట వేయలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేను ఎదురుగా కూర్చున్నాను. తను అనే ప్రతి మాటా విని నేను పెదవులతో చూపించాను. బాపూ, పొద్దున ఏం తిన్నావు? అట్టు తిన్న బిడ్డా. నేను పాల దుకాణం దగ్గరున్నా, ఎక్కడున్నానో చెప్పు? పాల దుకాణం దగ్గర. ఇలా పది మాటలు. ఆయన ఒక్కటీ తప్పలేదు. ముప్పై ఏళ్ల పనిలో అబ్బిన విద్య అది, ఇద్దరం ఎంత బాగా వాడామో.

తను మెట్లు పరుగెత్తుకుంటూ పైకి వచ్చింది. వచ్చి వాళ్ల బాపు మెడ చుట్టూ చేతులేసింది. తర్వాత నోటుబుక్కు తీసి, ఆ చివరి ముక్క మీద గీత కొట్టింది. ఆ తర్వాతే చకచకా పెట్టె సర్దుకుంది. బకెట్ అక్కడే కొనుక్కుంటానంది.

స్టేషన్‌లో మేం ఏడవలేదు. ఆయన రైలు కదిలేదాకా చెవికి మిషిన్ తీయలేదు.

మొదట్లో అంతా అనుకున్నట్టే నడిచింది. రోజూ సాయంత్రం చేసేది. ఆయన పగటి పాళీ అయితే ఇంటికి వచ్చాక, రాత్రి పాళీ అయితే వెళ్లేముందు. నేను ఎదురుగా కూర్చునేదాన్ని. హాస్టల్లో పప్పు పల్చగా ఉంటుందని, గదిలో ఒక అమ్మాయి కేరళ అని, పాఠాలు తొందరగా చెప్తారని చెప్పేది. ఆయన నా పెదవుల మీద బిడ్డను వినేవాడు. ఒక్కోసారి నా మాట ఆలస్యమైతే, మిషిన్ సర్దుకుంటున్నా ఆగు అనేవాడు. రెండు నెలలు అలా గడిచాయి. అబద్ధమని మాకే గుర్తుండేది కాదు.

ఒక రోజు మధ్యాహ్నం నేను చీరల మూట ఇచ్చి రావడానికి వెళ్లాను. మూటలో రెండు చీరలు తేడా వచ్చి చాలాసేపు పట్టింది. అది తను ఫోన్ చేసే వేళ కాదు. నేను తిరిగి వచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"బిడ్డ ఫోన్ చేసింది. నేనే మాట్లాడిన. నువ్వు లేకున్నా మస్తు మాట్లాడిన."

ఏమంది అని అడిగాను.

"ఏమంటది. ఎప్పటిలెక్కనే. తిన్నవా అని అడిగిన, మంచిగ చదువుకో అన్న."

ఫోన్‌లో బిడ్డ ఫొటో కనబడేసరికి ఎత్తకుండా ఉండలేకపోయాడట. ఎత్తి, రోజూ తను ఏ వరసలో అడుగుతుందో ఆ వరసలో జవాబులు చెప్పుకుంటూ పోయాడు. మధ్యమధ్య ఆగాడట కూడా, అవతల మాట్లాడటానికి. తెలివిగా చేశానని ఆయన సంతోషం. ఫోన్ తీసుకుని చూశాను. అప్పటికే సందేశం వచ్చి ఉంది, తెలుగులో, నా కోసం.

నాకు ఇప్పటికీ పెదవులు కదపకుండా చదవడం రాదు. ఒక్కో మాట పలుక్కుంటూనే చదువుతాను. చదువుతున్నంతసేపు నా చూపంతా అక్షరాల మీదే ఉంది. ఎదురుగా ఆయన ఉన్నాడని, నా నోరే చూస్తున్నాడని గుర్తులేదు.

"అమ్మా, బాపుకు వినబడలేదు కదా. ఇక్కడ నాతోని అయితలేదు, ఇంటికొస్త, టికెట్ తీసుకోనా అని అడిగిన. ఏడ్చుకుంట అడిగిన. మంచిది బిడ్డా అన్నడు. మంచిగ చదువుకో అన్నడు. మూడుసార్లు అడిగిన."

తలెత్తేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

వెంటనే ఫోన్ చేశాం. ఎత్తలేదు. మళ్లీ చేశాం. తర్వాత చేస్తానని రాసింది. నేను జవాబు రాయడానికి కూర్చున్నాను. ఏం రాయాలో తెలుసు, ఎలా రాయాలో తెలియదు. మిషిన్ దుకాణంలోనే పనిచేసింది, ఇంట్లో ఒక్కరోజూ పనిచేయలేదు, నేనే పెదవులతో చెప్పాను అని రాసేసరికి పొద్దు గూకింది. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఆయన పాళీకి వెళ్లకుండా కూర్చున్నాడు. సేఠ్ మనిషిని పంపితే, ఒంట్లో బాగాలేదని చెప్పాను.

నేను చెన్నై పోతా, టికెట్ చెయ్యమని ఆయన పట్టుబట్టాడు. బిడ్డకు రాశాను. మూడో రోజు జవాబు వచ్చింది. రావద్దు, పరీక్షలున్నాయి, ఇప్పుడు బాగున్నా అని. అంతకన్నా ఒక్క మాట లేదు. ఆ రోజు అక్కడ ఏమైంది, ఎందుకు ఏడ్చింది, ఎవరేమన్నారు, మార్కులు తగ్గాయా, ఒంట్లో బాగాలేదా, ఏదీ రాయలేదు. తనే ఏదో సర్దుకుంది. ఎవరు పక్కన కూర్చున్నారో, ఎవరు నీళ్లిచ్చారో నాకు తెలియదు.

దీపావళికి వచ్చింది. ఖాతాలు మూసి ఉన్నాయి, గల్లీ నిశ్శబ్దంగా ఉంది. చిక్కిపోయింది. అందరితో బాగానే మాట్లాడింది. బాపుకు కొత్త చొక్కా తెచ్చింది, నోరు పెద్దగా తెరిచి మునుపటిలాగే ముచ్చట్లు చెప్పింది. అయితే అవి చుట్టాలతో చెప్పే ముచ్చట్ల లాంటివి. సముద్రం చూశానని, ఇడ్లీలు బాగుంటాయని. ఆయన ఆగలేక అడిగాడు, ఆ దినం ఏమైంది బిడ్డా అని. తను చిన్నగా నవ్వి, ఏం లేదు బాపూ, అయిపోయింది అంది. ఆయన తల ఊపాడు. ఊపి, నా వైపు చూశాడు. నా దగ్గరా ఏమీ లేదు.

వెళ్లే ముందు రోజు బిడ్డా నేనూ చీరలు మడతపెడుతున్నాం. నేనే మొదలుపెట్టాను. నిన్ను పంపాలనే చేశాం, నువ్వు ఆగిపోతావని భయపడ్డాం అన్నాను. తను చీర అంచు సరిచేసింది.

"నేను ఆగుతనని ఎవరు చెప్పిన్రమ్మా? నన్ను అడిగిన్రా?" అంది. కోపంగా అనలేదు. "పోవుడైతే పోతుంటి. ఇంక పది దినాల టైముండె. బాపుకు గూడ అక్షరాలు మొదలువెట్టి పోతుంటి, మిగిలినయ్ నువ్వు నేర్పుతుంటివి. నీకు నేర్పలేదా?"

నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. అది మాకు తట్టనే లేదు. తన దిగులు ఎలా తీర్చాలా అని చూశాం కానీ, తనే తీర్చుకోగలదని అనుకోలేదు.

"గా దినం నాకు ఎవలన్న వద్దు బిడ్డా అంటే సాలు, రా బిడ్డా అన్నా సాలు. ఏదన్న ఒకటి. నేను అడిగిందానికి మాట కావాలె, అంతే," అంది. తర్వాత మడతపెట్టిన చీరలన్నీ లెక్కపెట్టి మూట కట్టింది. తన రైలు టైము గురించి మాట్లాడింది.

ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. బాగా చదువుతోందని వాళ్ల సార్లు అంటారట, అదీ వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఫోన్ చేయడం మానలేదు. ఆదివారం చేస్తుంది, నాతో మాట్లాడుతుంది. మిగతా రోజుల్లో సందేశం. ఆయనకు అక్షరాలు నేర్పుతానని నేను పలక తెచ్చాను. నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదో రోజు పలక తీసి గూట్లో పెట్టేశాడు. అప్పుడు నేర్చుకోవాల్సింది అన్నాడు.

సాయంత్రం పాళీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంటాడు. నేను ఫోన్ తీస్తాను. తిన్నా, బాగున్నా, మీరు జాగ్రత్త అని ఉంటుంది. అది చదువుతాను. ఆయన నా పెదవుల మీద నుంచి చూపు తీయడు. ఇంకేం రాసింది అంటాడు. ఇంకో ముక్క కలిపి చెప్పడం నాకు చేతకానిది కాదు. కానీ చెప్పను.

"అంతే రాసింది," అంటాను.

మళ్లీ చదవమంటాడు. మళ్లీ చదువుతాను.